చిన్నక్షరాలు

టంగుటూరు రైల్వేగేటు పక్కన
నాదొక నెట్ సెంటరు.
ఫారం నింపితే యాభై, జిరాక్సు రెండు,
కరెంటు పోయినప్పుడు కూర్చోడం ఊరికే.

కాలేజీలు తెరిచారంటే చాలు
ఆదాయం, కులం, నివాసం, మార్కుల జాబితా
పాలిథిన్ కవర్లలో చెమట పట్టి వస్తాయి.
"ఏదో ఒకటి కొట్టన్నా, డబ్బులు పడితే చాలు"
అంటారు పిల్లలు.
కొట్టేస్తా.
వేళ్ళకు చదవడం రాదు గదా.

ఆ సాయంత్రం మార్తమ్మ వచ్చింది
కూతురు కెజియాను ముందు నడిపించుకుని.
గ్రేడింగు నుంచి నేరుగా వచ్చినట్టుంది,
చీరలోంచి పొగాకు ఘాటు,
నాకు వరసగా మూడు తుమ్ములు.

ఒంగోలులో ఎవరిదో ట్రస్టంట,
ఏటా నలభై వేలు.
కాయితం నున్నగా ఉంది, పైన దీపం బొమ్మ.
కెజియా అప్పటికే సంతకం పెట్టేసింది,
ఆఖరి అక్షరం కింద ఒక గీత కూడా గీసి.

మార్తమ్మకు అక్షరం రాదు.
ఇరవై రెండేళ్ళు ఆకు చదివింది.
వెలుతురుకు ఎత్తి పట్టి, ఈనె తడిమి,
ఇది బ్రైటు, ఇది మీడియం,
ఇదేమో పైన బంగారం లోపల బూజు అని
కుప్పలు వేసిన చేతులు.
అట్టాగే పట్టుకుంది ఆ కాయితాన్ని
నా ట్యూబులైటుకు ఎదురుగా.

"సదువు నాయనా.
పైనించి కాదు, కిందనించి."

కింద చీమలబారులాంటి నాలుగు వరసలు.
వందల ఫారాలు పంపాను గానీ
ఆ చీమల్ని ఏనాడూ పలకరించలేదు.
మార్కులు డెబ్బై శాతమునకు తగ్గినచో,
చదువు మధ్యలో మానినచో,
పిమ్మట మూడేండ్లు మా సంస్థయందు పని చేయనిచో,
మొత్తము సొమ్ము వడ్డీతో సహా...

"ఆగు" అంది.
"ఇది ఇయ్యడం కాదు. మేస్త్రీ అడ్వాన్సు.
దీని పురుటికి తీసుకున్నా రెండు వేలు.
ఇచ్చేటప్పుడు కానుక అన్నాడు.
ఏడు సీజన్లు తీర్చా."

కెజియా గోళ్ళు కొరుక్కుంటా
"నలభై వేలమ్మా" అంది,
రెండోసారి మెల్లగా.

అప్పుడు మొదలుపెట్టింది మార్తమ్మ.
సర్కారుది తిరిగి ఇయ్యాలా?
యాడ పడుద్ది, దీని కాతాలోనా
కాలేజీ వోడి కాతాలోనా?
పడేదాకా ఫీజు ఎవరు కడతారు?
ఒకటి తీసుకుంటే ఇంకోటి పోద్దా?
ఒకసారి అడిగితే సాలా, ఏటేటా అడగాలా?

ఆ ఆఖరి ప్రశ్న దగ్గర
నా చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

రెన్యువల్ అనే మాట
నాకు పందొమ్మిదేళ్ళప్పుడు తెలియదు.
ఒకసారి వచ్చింది వస్తానే ఉంటుందనుకున్నా.
రెండో ఏడు రాలేదు.
గోడకంటించిన నోటీసు మీద
ఎవరో సైకిలు ఆనించి పోయారు.
సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోయాయి,
నేను ఈ కుర్చీలో.
ఈ సంగతి మా ఆవిడక్కూడా చెప్పలేదు,
వాళ్ళకెందుకు చెప్పానో.

కరెంటు పోయింది.
ఫోను లైటు కింద ముగ్గురం వంగాం.
తిరిగి ఇయ్యక్కర్లేనివి ఒక కుప్ప,
ఇయ్యాల్సినవి ఒక కుప్ప,
ఇంకా ఎవరినన్నా అడగాల్సినవి ఒకటి.
మూడోదే పెద్దదైంది.
బ్యాంకు లోను కాయితాన్ని మార్తమ్మ పారెయ్యనియ్యలేదు.
"అప్పు అని మొహానే రాసుకుంది గదా,
అబద్ధమాడలా. ఉంచు."

కెజియా ట్రస్టు కాయితాన్ని బోర్లించి
తెల్లటి వెనక వైపు
కాలేజీ ఆఫీసులో అడగాల్సినవి రాసుకుంది,
పదకొండు.
దీపం బొమ్మ బల్లకేసి అదుముకుపోయింది.

ఎనిమిదిన్నరకు లేచి
కొంగుముడి విప్పుతా "ఎంత?" అంది మార్తమ్మ.

ఒక్క ఫారమూ నింపలేదు.
బోర్డుకేసి చూశాను.
చదివినందుకు
నా దగ్గర రేటు లేదు.