పదీ నలభై బండి

వెనక సీట్లో ఏ పిల్లో మర్చిపోయిన కార్డు.
మీద చెవి చిరిగిన గొర్రెపిల్ల, కింద ఒక వాక్యం,
వెనక నీలం పెన్సిల్‌తో టీచరమ్మ టిక్కు.
రాజాం నుంచి ఆఖరి ట్రిప్పు. బండి ఖాళీ.
చిల్లర లెక్కపెడుతుంటే
ఆ వాక్యం చివరి ముక్క, చదవకుండానే,
నోట్లోకి వచ్చేసింది.
ఇరవై రెండేళ్లు మూసిన నోరు కదా,
తుప్పు పట్టలేదేటి?

డిపోలో నేను నీలవేణిని. అది సర్టిఫికెట్టు పేరు.
అమ్మ పిలిచిన పేరు తబిత.
ఆ పేరుతో పిలిచేవాళ్లు
ఇప్పుడీ జిల్లాలో ఎవరూ లేరు.

అమ్మ పోయిన రోజు
సమాధుల తోట తాళంచెవి సంఘ పెద్ద జేబులో ఉంది.
పద్నాలుగు నెలల చందా బాకీ అన్నాడు.
ఆకుపచ్చ అట్ట రసీదు పుస్తకం
తెచ్చుకునే వచ్చాడు.
అమ్మ పనిచేసిన బియ్యం మిల్లు మూసేసీ
పద్నాలుగు నెలలే.
నాగావళి ఇసకలో పెట్టాం.
ఆ ఏటి వరదకి గుర్తుగా పాతిన కర్ర పోయింది,
మరి రెండేళ్లకి ఆ ఒడ్డే పోయింది.
వంతెన మీద రోజుకి ఆరుసార్లు దాటుతాను.
దాటినప్పుడల్లా సంచీలో తల దూర్చి
ఎవరికో ఒకరికి చిల్లర వెతుకుతుంటాను.

సరే, కార్డు.
దాన్ని పర్సులో పెట్టుకుని, ఆఫ్‌లు మార్చుకుని తిరిగాను.
ఏడు రోడ్ల దగ్గర కల్యాణ మండపంలో
డ్రమ్ములకి పక్కటెముకలు అదిరాయి.
కారు వచ్చిందని సాక్ష్యం చెబుతూ ఒకాయన ఏడ్చాడు.
జెరాక్స్ షాపు మేడ మీద అందరూ మంచోళ్లే,
నా చెవి కమ్మలు చూసి
ప్రార్థన కొంచెం పొడుగు చేశారంతే.
మా పాత రాతి చర్చికీ వెళ్లాను. గంట అదే గంట.
గుమ్మంలో ఒకావిడ ఎంతో ప్రేమగా
"ఏ పేట మీది?" అంది.
చెప్పాను.
"ఓహో" అంది.
ఆ ఓహో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఇంక చాలనుకున్నాక, డ్యూటీ ఉన్న ఆదివారమే,
రాజాంలో, మిల్లు క్వార్టర్ల వెనక రేకుల షెడ్డు.
ఖాకీ చొక్కాతో, టికెట్ మిషను భుజాన్నేసుకునే దూరాను.
పదమూడు మంది. గుమ్మంలో ఒక మేక.
బల్ల మీద పొందూరు నేత గుడ్డ, మధ్యలో మాసిక.
దెబోరమ్మ అనే ముసలామె పాఠం చదువుతూ
ఒకే వరస రెండుసార్లు చదివింది.
ఎవరూ సరిదిద్దలేదు.
చాప మీద ఎవరో జరిగారు.
ఆ జానెడు చోటు ఇంకా వెచ్చగా ఉంది.

ఓబేదు పాస్టరుగారికి వారమంతా పంక్చర్ల పని,
గోళ్లల్లో నలుపు పోలేదు.
ప్రసంగం మధ్యలో ఆగి, "అమ్మా, బండెన్నింటికి?"
"పదీ నలభై."
గోడ గడియారం వైపు చూశాడు. అది ఎప్పుడో ఆగిపోయింది.
"అయితే ముందు ఈయమ్మకిచ్చేద్దాం. మనకేటి తొందర."

స్టీలు పళ్లెంలో రొట్టె ముక్క,
గ్లాసులో ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు.
నేను చెయ్యి చాపలేదు.
ఏ సంఘంలోనూ నా పేరు లేదండి,
ఇరవై రెండేళ్ల బాకీ ఉందండి
అని చెప్పేశాను, బస్సులో అరిచే గొంతుతోనే.
మేక లేచి బయటికి పోయింది.
దెబోరమ్మ అంది:
"బండెల్లిపోతాదే, ముందు తినేసీ."

తిన్నాను.
అంత చిన్న ముక్క నమలడానికి
ఎంతసేపు పట్టిందో.

పదీ నలభై బండి పదకొండుకి కదిలింది.
"ఎటెల్లిపోనావు తల్లా" అని డ్రైవరు తిట్టాడు.
పొందూరులో జనం ఎక్కారు, చిలకపాలెంలో దిగారు.
వంతెన వచ్చింది.
కిందికి చూశాను.
నీళ్లు తక్కువ. ఇసక మేటలు, ఎవరివో ఆరేసిన చీరలు.
ఎక్కడో గుర్తుపట్టలేను.
కోపం అలాగే ఉంది,
ఆకుపచ్చ అట్టతో సహా.
ఇద్దరు చెయ్యి చాపి చిల్లర అడుగుతున్నారు,
ఉండండి, ఇస్తాను.

వచ్చే ఆదివారం కూడా నాకు డ్యూటీయే.
ఆ గడియారానికి సెల్లు కొనాలి.