శేషం

ఇసకపల్లి రొయ్యల గుంట.
రాత్రి గంటగంటకీ నీళ్లలో ఆక్సిజన్ ఎంతో
మేతబస్తా చీటీ వెనక
పెంచలయ్య రాసిచ్చిన అంకెలు.

సమీకరణం నేనే కట్టాను:
మూడు అక్షరాలు, వాటికి తొలి ఊహలు.
బటన్ నొక్కితే గీత కాస్త తడబడి
చుక్కల్ని తాకుతూ పోయింది,
ఒక్కదాన్ని తప్ప.

మూడింటి చుక్క. ఎక్కడో కింద, విడిగా.
తీసేస్తే ఆర్-స్క్వేర్ పాయింట్ తొంభైతొమ్మిది.
వేలు డిలీట్ మీదే ఉంది.

ఫోన్ చేశా.
"కరెంటు పోయిందిమ్మా. డీజిలు అయిపోయుండె.
తెడ్డు దీసుకోని నేనే దిగి
చిలకతా ఉండా, తెల్లారేదాకా."

నాలుగో అక్షరం చేర్చాను.
గీత ఈసారి మూడింటి దగ్గర
మొలలోతు దిగి
మెల్లగా ఒడ్డెక్కింది.

ఆ అక్షరం పక్కన
యూనిట్ల గడి
ఇంకా ఖాళీగానే ఉంది.