బద్దవ్వకుండా

కాశీబుగ్గలో మేడమీద క్లినిక్ పెట్టిన తెలివి నాది.
మోకాళ్ళవాళ్ళకి ఇరవై రెండు మెట్లు.
అందుకే దాలమ్మ దగ్గరికి నేనే వెళ్తాను,
సాయంత్రం నాలుగింటికి,
స్కూటీ డిక్కీలో కొబ్బరినూనె సీసా,
కోణాలు కొలిచే ప్లాస్టిక్ కొలబద్ద.

వీధి మొదట్లోనే పట్టుకుంటుంది
కాల్చిన జీడిపిక్కల పొగ, గొంతు గీరుతూ.
ఆవిడ అప్పటికే మంచం మీద కాలు చాపి ఉంటుంది.
మోకాలి మీద నిలువునా జానెడు మచ్చ,
అటూ ఇటూ చుక్కలు,
గోనెసంచి మూతి కుట్టి విప్పినట్టు.

లోపలున్న కొత్త లోహానికేం,
అది మొదటిరోజు నుంచీ వంగడానికి సిద్ధం.
వంగనంటున్నది పాతదే:
తిత్లీ తుఫాను యేటి నుంచి నొప్పిని మోసి
బిగుసుకుపోయిన తొడకండ,
మచ్చ కింద అతుక్కుపోయిన పల్చటి పొర.

"పిక్క పట్టేసింది పెద్దమ్మా" అన్నాను.
"పట్టీదేటి? ముప్పయ్యేళ్ళు నానే పట్టుకున్నాను
పిక్కల్ని" అని నవ్వింది.

బొటనవేళ్ళు మచ్చ పక్కన ఆనించి
చర్మాన్ని జరిపి చూశాను. జరగలేదు.
ఇంకాస్త బలం పెట్టాను.
"ఓలి గుంటా! అలగ నొక్కితే
బద్దయిపోద్ది."

ఆవిడది పొట్టు తీసే పని.
బోర్మాలో వెచ్చబడి వచ్చిన పప్పు మీంచి
ఎర్రపొట్టుని పప్పు విరగకుండా ఒలవాలి.
గుండుకి కూలి, బద్దకి తరుగు.
"సెగ తగలని పొట్టు రాదు.
వచ్చినా పప్పుని పట్టుకొచ్చీస్తాది.
ముందు ఎచ్చబెట్టు."

కాపడం ఇప్పుడే వద్దు, వాపుంది,
ఐసే పెట్టాలన్నాను.
"మరి నీ సేతులున్నాయి కదేటి?"

నాలుగున్నరేళ్ళ చదువులో
ఎవరూ నన్నడగని ప్రశ్న.
అరచేతులు రుద్దుకుని మోకాలి మీద ఊరికే ఉంచాను.
బయట ఆటోవాడు
పలాస స్టేషన్‌కి మనుషుల్ని కేకేస్తున్నాడు.
వాడి ఆటో నిండి వెళ్ళేదాకా అలాగే ఉంచాను.
అప్పుడు జరిగింది మచ్చ,
నువ్వుగింజంత.

డెబ్బై రెండు. డెబ్బై ఎనిమిది.
మనవడి బారసాలకని మందస వెళ్ళొచ్చాక మళ్ళీ డెబ్బై.
ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోలేదు.
ఎనభై తొమ్మిది.

పింఛను మెషీన్‌కి దాలమ్మ వేళ్ళు తెలియవు,
జీడినూనె గీతలన్నీ తినేసింది.
ఆ నున్నటి వేలితోనే మచ్చంతా తడిమి
"ఇక్కడ, కుట్టు మొదట్లో, ఇంకా అంటుకునుంది" అంటుంది.
నాకు రెండుసార్లు వెతికితే గాని దొరకదు.

"గొంతుక్కూసోగలనా మళ్ళీ?"
లేదన్నాను.
అబద్ధం చెప్పే వీల్లేనంత దగ్గర్లో ఉంది ఆవిడ మొహం.
గోడ మీద కేలండర్ చూసింది చాలాసేపు.
"అయితే స్టూలు కొనుక్కోవాల.
అందరూ కింద, నానొక్కద్దాన్నే పైన.
మేస్త్రీననుకుంటారు గావాల."
నవ్వాలో వద్దో తెలియక
నూనె సీసా మూత రెండుసార్లు బిగించాను.

ఇవాళ తొంభై ఎనిమిది రాస్తుంటే
పెన్ను జారి పడింది.
వంగి తీయబోతే చెయ్యి లాక్కుంది దాలమ్మ.
బొటనవేలి మొదట్లో,
ఏడాదిగా నేనెవరికీ చెప్పని చోట,
వెతక్కుండా ఆనించింది తన వేలు.
నొక్కలేదు.
ఎచ్చబెట్టింది.

"మరి దీనికెవులు సేస్తారు?"

ఐదింటికి ఇంకో మోకాలుంది నాకు, బస్టాండు వెనక.
ఫోను మోగుతోంది.
చెయ్యి తీసుకోలేదు.