కాచి చల్లార్చిన మాట

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
మెట్ల కింద ఇరికిన నా మందుల దుకాణానికి
బుధవారం పొద్దున కేస్లి వచ్చింది.
గల్ల అద్దం మీద కొత్త పాస్‌పోర్టు పెట్టి,
"ఉజ్బెకిస్తానట అన్నా.
అద్దాల కుట్టు చూపియ్యాలె, పదకొండు రోజులు.
పేరుకే నోరు తిరుగుతలేదు,
కడుపుల తిప్పకుండ ఏమన్న ఇయ్యి" అన్నది.

హాలియా దాటి నేను నీళ్లు తాగిందే తక్కువ.
అయినా ఇప్పుడే విమానం దిగినోని లెక్క
చెప్పుడు మొదలువెట్టిన.

నల్లా నీళ్లు నోట్లె పోసుకోకు,
పండ్లు తోముకునేటప్పుడు సుత.
సీసా మూత నీ చేతులనే టక్కుమనాలె.
సర్వత్తుల మంచుగడ్డ తళతళమంటది,
అది గడ్డకట్టిన నల్లా నీళ్లే.
కోసిపెట్టిన తర్బూజా ఎంత ఎర్రగున్నా
చెయ్యి చాపకు,
తొక్క నువ్వు తీసిందే నీ పండు.
పొగలొచ్చేదే బువ్వ.

చదువు రాదు కద,
మాట మాటకు టుక్రి కొసకు
ఒక ముడేసుకుంటున్నది.

ఓఆర్ఎస్ పొట్లాలు పది లెక్కవెట్టిన.
పొట్లానికి లీటరు నీళ్లు, అందాజ పెట్టకు.
జరమొచ్చినా నెత్తురు పడ్డా
గోలీలు నమ్ముకొని పండుకోకు, డాక్టరు కాడికి పో.
ఇంకో రెండు ముళ్లు.

"సీసాలు దొరక్కపోతే?"
"కాచుకో. తెర్లినంక ఇంకో నిమిషం.
ఎసుంటి పురుగైనా చస్తది."
"మరి మా తండ బోరు నీళ్లు కాస్తే?"

బయట ఆటోల ఆమె అత్త.
కొడవళ్ల లెక్క వంగిన కాళ్లు
కిందికి దించనీకి
ఇద్దరు పట్టుకోవాలె.

కాస్తే గిన్నెల నీళ్లు తగ్గుతయి,
ఫ్లోరైడు తగ్గది.
ఇంకింత చిక్కబడుతది.
ఇరవై ఆరేండ్ల సంది నొప్పుల గోలీలు అమ్మిన,
ఏ నీళ్లు తాగుతున్నరని
ఒక్కరినన్న అడిగిన్నా?
"ఇప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి గద" అన్న.
"వచ్చిన రోజు వస్తయి" అన్నది.
పైసలిచ్చి పోయింది.

మళ్ల వచ్చిన రోజు
గసగసాలు చల్లిన గుండ్రటి రొట్టె తెచ్చింది,
నడుమ పూవు అచ్చు, రాయి లెక్క ఎండింది.
"అక్కడ నా కడుపు బంగారం అన్నా.
ఇంటికొచ్చిన మూడోనాడు
మీ బస్టాండు మిర్చి బజ్జీ తిన్న, గంతే."
ఇద్దరం నవ్వినం.

నవ్వుకుంటనే ఒక్కొక్క ముడి విప్పింది.
నల్లా. మూత. మంచుగడ్డ.
తర్బూజా. బువ్వ. పొట్లం. జరం.
ఒకటి మిగిలింది.
"అదేంది?"
"నువ్వు చెప్పంది."

కొస మళ్ల నడుముకు దోపుకొని,
"అత్త మోకాళ్లకు పదిహేను రోజులవి ఇయ్యి" అన్నది.
కత్తెర తీసిన.
రేకు సగంల ఆగింది చెయ్యి.