ఏది ముందు ఊడాలి

త్బిలిసిలో, ఎలియావా బజారులో,
కారు బంపర్ల గుట్టకీ పాత పైపుల కొట్టుకీ నడుమ
లమారా దుకాణం. తలుపు లేదు, షట్టరే.
స్టవ్వు పక్కన నాకో స్టూలు,
అట్టపెట్టె నిండా వైర్లు.
"ముందు చిక్కు తియ్యి వాఖో,
రిపేరు తర్వాత నేర్చుకుందువుగాని."

మూడు వారాలు చిక్కులే తీశాను.
చూడక్కర్లేకుండా వేళ్ళకే తెలిసిపోయింది
ఎవరి మూతి ఎలాంటిదో.

పాత యూఎస్‌బీది బల్లపరుపు మూతి.
పెడితే పట్టదు, తిప్పి పెడితే పట్టదు,
మళ్ళీ మొదటి వైపే పెడితే పడుతుంది.
అయినా గట్టి పిండం.
టీ పడినా, కుర్చీ కాలు తొక్కినా
తుడిచి పెడితే పనిచేస్తుంది.

మైక్రో పేరెత్తితే లమారా ముఖం చిట్లిస్తుంది.
అడుగున రెండు ముళ్ళు, చీమ కోరల్లా,
ఏడాది తిరక్కుండా అరిగిపోతాయి.
ఇక ఫోను కింద అగ్గిపెట్టె ఎత్తుపెడితే తప్ప ఛార్జి ఎక్కదు.
మా స్టవ్వు వెలిగేది మాత్రం దాని పుణ్యానే.

నెట్టు వైరుకి ప్లాస్టిక్ నాలుక.
అది విరిగిందా,
వైరు లోపలున్నట్టే ఉంటుంది, ఉండదు.

టైప్-సి ఎటు పెట్టినా సరే అంటుంది.
తంటా అక్కడే.
అన్నిటికీ ఒకటే మూతి, కడుపులో ఏముందో చెప్పదు.
ఒకటి తెర బొమ్మ మోస్తుంది, ఒకటి కరెంటు తప్ప మొయ్యదు.
అందుకే బొమ్మ మోసేవాటికి లమారా
తన గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెడుతుంది.

ఒకనాడు ఆవిడ రొట్టెకి వెళ్ళినప్పుడు
బొమ్మలాట థియేటరు ఓతారి వచ్చాడు.
రాక్షసుడు గెంతినప్పుడల్లా తెర నల్లబడుతోందట.
ఆ హెచ్‌డీఎంఐ అంతే,
బొమ్మ అద్దంలా ఇస్తుంది, పట్టు ఉండదు.
"వదలనిదేదైనా ఇవ్వు."
వాళ్ళది పాత లాప్‌టాప్. నాది మూడు వారాల చదువు.
నీలం మూతి వీజీఏ ఇచ్చాను,
చెరోవైపు స్క్రూ ఉన్నది.
"బొమ్మ కాస్త మసక, కానీ చచ్చినా వదలదు" అన్నాను.

వదల్లేదు.
నాలుగోనాడు ప్రొజెక్టరును పసిబిడ్డలా పొదువుకుని తెచ్చాడు.
ఎవరి కాలో వైరుకి తగిలిందట.
స్క్రూలు పట్టే ఉన్నాయి,
పెట్టే కిందికొచ్చింది, ఖాళీ కుర్చీ మీదికి.
అద్దం పగిలింది.

లమారా తిట్టలేదు.
స్క్రూడ్రైవరుతో ఆ నీలం మూతి విప్పింది, అప్పటికీ బిగువుగానే ఉంది.
"దీని తప్పేం లేదు. నువ్వు చెప్పినట్టే చేసింది.
పట్టు ఎంతని అడగకు.
తన్ను తగిలితే ముందు ఏది ఊడాలి, అదడుగు.
ఎనిమిది లరిల వైరా? ఆరువందల లరిల పెట్టా?"

అద్దం మార్చాక మళ్ళీ హెచ్‌డీఎంఐయే ఇచ్చింది.
పైన, పెట్టె దగ్గర, బెల్టుతో కట్టించింది, గెంతులకి కదలకుండా.
కింద, నేలమీద, నడిమధ్యన
కావాలనే ఒక అతుకు.
"ఊడితే ఇక్కడ ఊడాలి."

ఆదివారం ఆటకి వెళ్ళాను.
రాక్షసుడు గెంతాడు, తెర చెక్కుచెదరలేదు.
రాకుమారి ఎవరో, ఆమెకేం కష్టమొచ్చిందో నాకు తెలీదు,
నా కళ్ళు నేలమీది అతుకు మీదే.
ఏడుపు పిల్లనెత్తుకుని ఒకావిడ బయటికి నడిచింది.
కాలు తగిలింది.
చీకటి.
పిల్లలంతా ఓ అని అరిచారు.
ఓతారి మోకాళ్ళ మీద వంగి, తడుముకుని,
మళ్ళీ కలిపాడు.

తలెత్తి చూశాను.
పైన పెట్టె కదల్లేదు.