జెర్సీ వెనక టేపు

శనివారం కాలేజీ కొంగలు.
మంగళ, శుక్రవారాలు రివెటర్లు.
మిగతా రోజుల్లో ఊరి మంచు ఊడ్చే బండి తోలతాను.
ఒహైయో నది ఒడ్డున మా ఊరికి
ఇంతకు మించి పంచాంగం లేదు.

కొంగలని పేరెవరు పెట్టారో గానీ
సరిగ్గానే పెట్టారు.
మూడో ప్రయత్నం, ఇంకా ఏడు గజాలు:
మా కుర్రాళ్ళు ఒంటికాలి మీద జపంలో ఉంటారు,
చేప పక్కనుంచి వెళ్ళిపోతుంది.
పదకొండు ఆటల్లో రెండు గెలుపులు.
అందులో ఒకటి
అవతలి జట్టు బస్సు పొగమంచులో దారి తప్పి
వాళ్ళు నిద్రమొహాలతో దిగినందుకు.

అయినా వెళ్తాను.
తెల్లారగట్ల నాలుగింటికి
స్టేడియం ముందు మంచు తోసేది నేనే,
పన్నెండింటికి అదే గేటు దగ్గర
టికెట్టు చింపించుకుని లోపలికి పోయేదీ నేనే.
ఇరవై రెండో వరస. అల్యూమినియం బల్ల.
చలి నిచ్చెన వేసుకుని వెన్నులోకి ఎక్కుతుంది.
పక్కన వెర్నా షిమ్కోవియాక్,
డెబ్బై తొమ్మిదేళ్ళు,
ఎడమ చెవి వినపడదు, కుడి చెవిలో రేడియో.
కళ్ళెదుట జరిగేది కూడా
రేడియో చెప్పాకే నమ్ముతుంది.

క్వార్టర్‌బ్యాక్ కోల్బీ రాన్సమ్.
నా బండికి టైర్లు మార్చే షాపులో
వాళ్ళమ్మ బిల్లులు రాస్తుంది.
వాడు విసిరిన బంతి అవతలివాడి చేతిలో పడ్డప్పుడు
నోటిదాకా వచ్చిన మాటను,
సోమవారం ఆమె మొహం చూడాలి కదా అని,
వేడి చాక్లెట్‌తో పాటు మింగేస్తాను.

రివెటర్లను తిట్టడానికి ఆ మొహమాటం లేదు.
వాళ్ళు కోట్లలో మనుషులు,
పై వరస నుంచి అగ్గిపుల్లలంత కనపడతారు.
అక్కడ వెచ్చగా ఉంటుంది, కోటు విప్పొచ్చు.
చెక్క నేల మీద బూట్లు కీచుమంటుంటే
వైపర్లు ఎండు అద్దం తుడుస్తున్నట్టుంటుంది.
ఈ జెర్సీ అక్కడే కొన్నాను. ఏడో నంబరు,
ఎలైజా ప్రూట్.
ఆఖరి సెకన్లలో వాడి చేతిలోంచి బంతి వదిలితే
అది దిగేదాకా
ఊరంతా ఊపిరి వాడికి అప్పిచ్చేది.

ఒక గురువారం వంతెన మీద ఉప్పు చల్లుతున్నాను,
రేడియో చెప్పింది: అమ్మేశారట,
ఇద్దరు కుర్రాళ్ళకీ
వచ్చే ఏడు ఎవడో ఇంకా తెలియనివాడికీ బదులుగా.
ఆ రోజు వంతెనకి ఉప్పు కాస్త ఎక్కువే పడింది.

కొత్త జెర్సీ నూట ఇరవై డాలర్లు.
ప్రూట్ పేరు మీద తెల్ల టేపు అంటించి
మార్కరుతో కొత్తవాడి పేరు రాశాను.
వాడూ వెళ్ళాడు. దాని మీద ఇంకో టేపు.
ఇప్పటికి నాలుగు పొరలు, వీపున అట్టలా.
కుర్చీకి ఆనితే
ఒకడి కింద ఒకడు చప్పుడు చేస్తారు.
కొంగల ఆటకీ ఇదే, కోటు మీద.

ఇప్పుడు యజమానికి కొత్త అరీనా కావాలట.
కట్టకపోతే జట్టునే ఎత్తుకుపోతాడట
ఎడారిలో ఏదో ఊరికి.
ఎత్తుకుపోనీ, అంటాను బారులో, గట్టిగా.
ఇంటికొచ్చి, మిగిలిన ఆటలు వేళ్ళ మీద లెక్కపెడతాను.

గెలిచిన రాత్రి అందరూ "మనం కొట్టాం" అంటారు.
ఓడితే "వాళ్ళు ఓడారు."
నేనూ అంతే.
మొన్న శనివారం నలభై ఐదు, మూడు.
మూడో క్వార్టర్‌కే సగం జనం
కార్లు వెతుక్కుంటూ పోయారు.
ఆట అయ్యాక వెర్నా రేడియో తీసి జేబులో పెట్టుకుంది.
"ఇవాళ మనం బాగా ఆడలేదు" అంది,
బంతి జారవిడిచింది తనే అయినట్టు
చేతి తొడుగులు చూసుకుంటూ.

మెట్లు దిగేటప్పుడు
వెనకనుంచి నా టేపును గోటితో గీకి,
"ఎవడున్నాడు ఇప్పుడు?" అని అడిగింది.
పేరు చప్పున గుర్తుకు రాలేదు.
"మనవాడే" అన్నాను.

రాత్రికి ఆరంగుళాలు పడుతుందట.
బండికి డీజిల్ పోయించాలి.