రికార్డవని ముక్క

జ్ఞానాపురంలో మూడో అంతస్తు. ఫ్యాను ఆపి,
పాత పుస్తకాల మీద మైకు నిలబెట్టి
ఒకే బొంతలో దూరతాం, నేనూ గౌరీశూ.
అయినా ఓడ కూత చొరబడుతుంది.
కత్తిరించం. అదీ ఊరి గొంతే.

ఈ వారం జాలారిపేట దాలమ్మ:
"దెయ్యానికి పాదాలు ఎనక్కుంటాయి నాయినా.
అడుగులట్టుకుని ఎతికినోడు
అది ఎల్లిన దిక్కు ఎప్పుడూ సూడడు."

గౌరీశు నా వంక చూశాడు.
ఆరేళ్లుగా బీచిలో ఎడంగా నడిచి
ఒకే తాళంచెవికి చేరుకునేవాళ్లం.

మైకు కట్టేశాక అడిగింది:
"ఇద్దరికీ ఒకటే మంచమేటి?"
కింద రైలు కూడా కిక్కురుమనలేదు.
"ఉక్కపోతకి సాలదు. పెద్దది కొనుక్కోండి," అంటూ
చేపల తట్ట నెత్తికెత్తుకుంది.

ఆ ముక్క రికార్డవలేదు.
పదిహేడో ఎపిసోడ్ చివర
ఖాళీ వదిలాం,
పెద్ద మంచం పట్టేంత.